మొదటి కవితా సంపుటి ఎప్పుడు వేయాలి, ఎవరి డబ్బుతో వేయాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీరు గుంటూరులో వార్డు సచివాలయ ఉద్యోగి. వయసు 29. ఏడేళ్లుగా రాసిన కవితలు 70 దాకా ఉన్నాయి, వాటిలో పదో పన్నెండో పత్రికల్లో వచ్చాయి. ఒక ప్రచురణ సంస్థ 55,000 రూపాయలు కడితే 96 పేజీల పుస్తకాన్ని 300 ప్రతులు వేసి అన్ని ఊళ్లలో అమ్మిపెడతామంటోంది, మీరు 5,000 బయానా కూడా ఇచ్చేశారు. మిగతా డబ్బు కట్టవచ్చునా, ఇప్పటి కవులు పుస్తకాల మీద బతకగలుగుతున్నారా, రెండు మూడేళ్లలో ఉద్యోగం మానేసి రచన మీదనే నిలబడే వీలుందా అన్నది మీ సందేహం.

నా జవాబు ఇది. మిగతా 50,000 కట్టవద్దు. ఉద్యోగం వదలవద్దు. సంపుటిని కనీసం రెండేళ్లు ఆపండి. ఈలోగా 70 కవితల్లో సగం తీసేయండి, మిగిలినవాటిని పత్రికలకు పంపండి, ఆ తరువాత మీ డబ్బుతో మీరే ప్రచురణకర్తగా 300 ప్రతులు వేసుకోండి. అప్పటికి ఖర్చు కూడా ఇందులో సగానికి కొంచెం అటూ ఇటూగా తేలుతుంది. నాకు తెలిసినంతలో తెలుగులో కవిత్వం రాసి, పుస్తకాలు అమ్ముకుని, ఆ డబ్బుతో ఇల్లు గడుపుకున్న సమకాలీన కవి ఒక్కరూ లేరు.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకున్న అర్హత చిన్నదే. 1996 నుంచి విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ (కంప్యూటరులో అక్షరాలు కూర్చడం), ప్రూఫులు, పుస్తకం పేజీలు కట్టడం నా వృత్తి. నా చేతిమీదుగా వందకు పైగా కవితా సంపుటాలు వెళ్లాయి, అందులో రెండు నావే. ఆ రెండింటిలో రెండవదాని కట్టలు కొన్ని ఇప్పటికీ మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి. ప్రతి సంక్రాంతికీ మా ఆవిడ వాటిని బయటికి లాగించి, దుమ్ము దులిపించి, మళ్లీ లోపలికి తోయిస్తుంది.

కవులు ఎలా బతుకుతున్నారన్న మీ రెండవ ప్రశ్ననే ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మీ ఉమ్మడి గుంటూరు జిల్లావాడైన కె. శివారెడ్డి గారు 1943లో పుట్టారు, హైదరాబాదులో వివేకవర్ధని కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకులుగా పనిచేస్తూ కవిత్వం రాశారు. 1990లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, 2018 సంవత్సరానికి సరస్వతీ సమ్మాన్ వచ్చింది. ఆ రెండింటి మధ్య ఇరవై ఎనిమిదేళ్లు ఉన్నాయి. సరస్వతీ సమ్మాన్ మొత్తం 15 లక్షలు కాబట్టి బయటివాళ్లకు అది పెద్ద డబ్బుగా కనిపిస్తుంది గాని, అరవై ఏళ్లకు చేరువైన సాహిత్య జీవితం మీద దాన్ని పరిచి చూస్తే నెలకు రెండు వేల పైచిలుకే. రాజధాని ప్రాంతంలోని నెక్కల్లులో పుట్టిన పాపినేని శివశంకర్ గారికి 2016లో అకాడమీ పురస్కారం వచ్చింది, ఆయనా అధ్యాపకులుగా పనిచేసినవారే. 2017లో అదే పురస్కారం అందుకున్న దేవిప్రియ గారు జీవితమంతా పత్రికా రచయిత. ఎన్. గోపి గారు విశ్వవిద్యాలయ ఆచార్యులుగా పనిచేశారు. కాకినాడలో ఇస్మాయిల్ గారు కళాశాలలో తత్వశాస్త్రం చెప్పారు. తరువాతి తరంలో 2018లో అకాడమీ యువ పురస్కారం పొందిన బాలసుధాకర్ మౌళి విజయనగరం ప్రాంతంలో పాఠశాల ఉపాధ్యాయుడు. పేర్లు ఇంకా చెప్పుకుంటూ పోవచ్చు. బడి, కళాశాల, పత్రికాఫీసు, బ్యాంకు, రెవెన్యూ ఆఫీసు, ఇవే తెలుగు కవిని పోషించిన సంస్థలు. మీ సచివాలయం ఆ వరుసలో కొత్తగా చేరింది, అంతే.

సినిమా సంగతి వేరు కదా అని మీరు అనవచ్చు. నిజమే, వేరే. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చిన 1950లోనే ఆయన పాటలు రాసిన 'ఆహుతి' అనే డబ్బింగ్ చిత్రం కూడా వచ్చింది. ఆయన ఇంటికి బియ్యం తెచ్చినవి ఆ తరువాత రాసిన సినిమా పాటలే గాని, ఆ పుస్తకం కాదు. అయితే పాట రాయడం వేరే వృత్తి, దానికి వేరే చెవి కావాలి, చెన్నైలోనో హైదరాబాదులోనో ఏళ్ల తరబడి ఎవరి ఆఫీసు ముందో కూర్చునే ఓపిక కావాలి. వచన కవిత బాగా రాసేవాడు పాట బాగా రాస్తాడన్న హామీ ఏమీ లేదు.

ఇక డబ్బు లెక్క. నిరుడు ఒక మిత్రుడి సంపుటికి నేను దగ్గరుండి చేయించిన పనినే ఉదాహరణగా చెబుతాను. 1/8 డెమ్మీ సైజు, 96 పేజీలు, 70 జీఎస్ఎం (కాగితం బరువును చెప్పే కొలత) మ్యాప్‌లిథో కాగితం, 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు ముఖచిత్రం, మ్యాట్ లామినేషన్, పర్ఫెక్ట్ బైండింగ్, 300 ప్రతులు. డీటీపీ, రెండు విడతల ప్రూఫులు, ముఖచిత్రం గీసిన చిత్రకారుడికి ఇచ్చిన మొత్తం, ప్లేట్లు, కాగితం, అచ్చు, బైండింగు అన్నీ కలిపి 27,400 అయింది. అంటే ప్రతి ఒక్కటి 91 రూపాయల పైచిలుకు. వెల 150 వేశాము. పుస్తకాల షాపుకో పంపిణీదారుకో 40 శాతం కమిషను వదలాలి, కవికి చేరేది 90. మూడు వందల ప్రతులూ ఒక్కటి మిగలకుండా షాపుల్లోనే అమ్ముడుపోయినా వచ్చేది 27,000, అంటే 400 రూపాయల నష్టం. ఇది అన్నీ కలిసివస్తే జరిగే లెక్క. జరిగిన లెక్క వేరు. ఆవిష్కరణ రోజున 38 ప్రతులు పోయాయి, ఏడాదిలో షాపుల ద్వారా 46 వెళ్లాయి, 120 దాకా చేతికిచ్చి, పోస్టులో పంపి పంచిపెట్టినవి. మిగిలినవి ఆయన మేడ మీద గదిలో ఉన్నాయి.

మీకు చెప్పిన 55,000ను 300తో భాగించి చూడండి, ప్రతి ఒక్కటి 183 రూపాయలు పడుతుంది. 150కి అమ్మే వస్తువును 183కు కొంటున్నారు. అందులో 27,400 పోగా మిగిలిన 27,600 దేనికోసమని ఆ సంస్థను అడిగితే ప్రచారం, పంపిణీ అంటారు. పంపిణీ అంటే ఏమిటో కూడా అడగండి. ఏ ఊళ్లో ఏ షాపుకు ఎన్ని ప్రతులు వెళ్తాయో కాగితం మీద రాసిమ్మనండి. నేను ఇలాంటి నాలుగైదు ఒప్పందాలు చదివాను, అందులో ఒక్కదానిలోనూ ఆ వివరం లేదు. ఉన్నదల్లా తమ వెబ్‌సైటులో పుస్తకం పేరు పెడతామనే.

డబ్బు తీసుకుని పుస్తకం వేయడం మోసమని నేను అనడం లేదు. కవి సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం మన దగ్గర తరతరాలుగా ఉన్న పద్ధతి, అందులో చిన్నతనం ఏమీ లేదు. చిక్కు ఎక్కడంటే, సొంత డబ్బు పెట్టి కూడా హక్కులనూ, ప్రతులనూ, ఫైలునూ వేరేవాళ్ల చేతిలో పెట్టడం. సంస్థ తన డబ్బు పెట్టి వేస్తే హక్కులు కొంతకాలం తన దగ్గర ఉంచుకుని మీకు సాధారణంగా వెలలో 10 శాతం రాయల్టీ ఇస్తుంది, లేదా అందుకు బదులు పాతిక ప్రతులు ఇస్తుంది. అది న్యాయమైన బేరం. కవిత్వానికి అలా పెట్టుబడి పెట్టే సంస్థలు తెలుగులో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, అవీ పేరు స్థిరపడిన కవులకే పెడతాయి. మీలాంటి కొత్తవారికి నిజంగా మిగిలేది రెండు దారులే: మీరే ప్రచురణకర్త కావడం, లేదా నలుగురు మిత్రులు కలిసి ఒక పేరు పెట్టుకుని ఏడాదికి ఒకరి పుస్తకం చొప్పున వేసుకోవడం.

ఈ రెండవ దారి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే ఇది మా ఊరి చరిత్ర. త్రిపురనేని శ్రీనివాస్ అనే యువకవి, పాత్రికేయుడు విజయవాడలో 'కవిత్వం ప్రచురణలు' పేరుతో చేసిన పనిని ఆ రోజుల్లో చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనా, జి. లక్ష్మీనరసయ్య గారూ కలిసి 1995లో తెచ్చిన దళిత కవిత్వ సంకలనం 'చిక్కనవుతున్న పాట'. దానికి రెండేళ్ల ముందు, 1993లో స్త్రీవాద కవిత్వ సంకలనం 'నీలి మేఘాలు' వచ్చింది. ఈ రెండు పుస్తకాలూ చేసిన పని ఏమిటంటే, వేరువేరు ఊళ్లలో వేరువేరు పత్రికల్లో విడివిడిగా రాసుకుంటున్నవాళ్లను ఒక అట్టల మధ్యకు తెచ్చి, వీళ్లంతా కలిసి ఒక కొత్త మాట అంటున్నారని పాఠకుడికి తెలియజేశాయి. ఆ కవుల్లో చాలామంది సొంత సంపుటాలకంటే ఆ సంకలనాల్లోని కవితల వల్లనే ఎక్కువమందికి తెలిశారు. శ్రీనివాస్ 1996లో చిన్న వయసులోనే పోయాడు. నేను ఈ వృత్తిలోకి వచ్చిన సంవత్సరం అదే, కాబట్టి ఆయన పుస్తకాలు నేను కట్టలేదు. పేజీ అంటే ఎలా ఉండాలి, పక్కన ఎంత తెల్లదనం వదలాలి అన్నది మాత్రం ఆ కాలపు పుస్తకాలను ముందు పెట్టుకునే నేర్చుకున్నాను. సొంత సంపుటి కోసం తొందరపడేకంటే ఒక మంచి సంకలనంలో మీ కవిత ఒకటి ఉండేలా చూసుకోవడం మేలని నేను చెప్పేది ఈ అనుభవంతోనే.

మీరు ఆలస్యమైపోతోందని భయపడుతున్నట్టు మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. 'మహాప్రస్థానం'కు చలం రాసిన ముందుమాట 1940 నాటిది, పుస్తకం వచ్చింది 1950లో. ముందుమాట చేతిలో పెట్టుకుని పుస్తకం పదేళ్లు ఆగింది. ఆ కవితలు ఈలోగా నోటికి వచ్చినవాళ్ల నోళ్లలో తిరిగాయి, పత్రికల్లో వచ్చాయి. తణుకువాడైన దేవరకొండ బాలగంగాధర తిలక్ 1966లో పోయారు. ఆయన్ను ఇవాళ మనం ఏ పుస్తకంతో తలుచుకుంటామో ఆ 'అమృతం కురిసిన రాత్రి' 1968లో వచ్చింది, 1971లో దానికి అకాడమీ పురస్కారం ఇచ్చారు. మన తెనాలి వాడు ఆలూరి బైరాగి 1978లో కన్నుమూస్తే 'ఆగమగీతి'కి 1984లో పురస్కారం వచ్చింది. చనిపోయేదాకా ఆగమని మీకు చెప్పడం లేదు! రెండేళ్లు ఆగితే పోయేదేమీ లేదని మాత్రమే చెబుతున్నాను.

ఆ రెండేళ్లలో ఏం చేయాలి? మొదటిది పత్రికలు. దినపత్రికల సాహిత్య పేజీలు, ఆదివారం అనుబంధాలు, విజయవాడ నుంచే వచ్చే 'సాహిత్య ప్రస్థానం' వంటి మాసపత్రికలు, 1998 నుంచి నడుస్తున్న 'ఈమాట' వంటి జాల పత్రికలు, వీటిలో మీ కవితకు సరిపడేది ఏదో ముందు నాలుగు సంచికలు చదివి తెలుసుకుని పంపండి. ఒకే కవితను నాలుగు చోట్లకు ఒకేసారి పంపవద్దు. సంపాదకులందరికీ ఒకరితో ఒకరికి పరిచయం ఉంటుంది, రెండు చోట్ల ఒకే వారం వస్తే మీ పేరు గుర్తుండిపోతుంది, మంచిగా మాత్రం కాదు. పారితోషికం కొన్ని పత్రికలు కొద్ది వందలు ఇస్తాయి, ఎక్కువ పత్రికలు ఏమీ ఇవ్వవు. తిరస్కరించినట్టు ఉత్తరం రావడం ఇప్పుడు అరుదు, మౌనమే తిరస్కారం, మూడు నెలలు చూసి వేరేచోటికి పంపుకోవాలి.

రెండవది ఫేస్‌బుక్కు. కవి యాకూబ్ గారు 2012లో మొదలుపెట్టిన 'కవి సంగమం' వల్ల చిన్న ఊళ్లలో ఒంటరిగా రాసుకుంటున్నవాళ్లు ఎందరో పాఠకుల ముందుకు వచ్చారు, అది కాదనలేని మేలు. అయితే అక్కడ మెచ్చుకోలు తొందరగా వస్తుంది, దిద్దుబాటు రాదు. ఉదయం పెట్టిన కవితకు సాయంత్రానికి 200 లైకులు వచ్చాక అందులో ఆరు పాదాలు దండగని ఎవరు చెప్పినా మనకు ఎక్కదు. నేను సంపుటాలు కడుతున్నప్పుడు గమనించినదేమిటంటే, నేరుగా ఫేస్‌బుక్కు నుంచి పుస్తకంలోకి వచ్చిన కవితల్లో చివరి రెండు పాదాలు దాదాపు ఎప్పుడూ అనవసరం. చప్పట్ల కోసం రాసినవి అవి. వేలితో ఆ రెండు పాదాలను మూసి చదివి చూడండి, కవిత చాలాసార్లు బాగుపడుతుంది.

మూడవది, మీ కవితలను మొహమాటం లేకుండా చదివిపెట్టే ఒక్క మనిషి. సభలో పొగిడేవాళ్లు కాదు. మా దగ్గర ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరరు గారు ఉండేవారు, కట్ట ఇస్తే వారం తరువాత రమ్మనేవారు. వెళ్తే కాఫీ ఇచ్చి, కట్టను రెండుగా విడదీసి, "ఇవి నీవి, ఇవి నువ్వు చదివినవాళ్లవి" అని చేతిలో పెట్టేవారు. నా మొదటి సంపుటికి నేను ఇచ్చిన 64 కవితల్లో ఆయన 'నీవి' అన్నవి 29. రెండు రోజులు అన్నం సహించలేదు. పుస్తకం ఆ 29తోనే వేశాను, అది మంచి పనే అయింది. రెండవ పుస్తకం నాటికి ఆయన లేరు, 58 వేశాను. మంచం కింద ఉన్నవి అవే.

సంఘంలో చేరాలా అని చాలామంది అడుగుతారు. మీరు అడగలేదు గాని అడుగుతారు. అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టింది, విరసం (విప్లవ రచయితల సంఘం) 1970లో వచ్చింది. మన ప్రాంతంలో సాహిత్య జీవితం సంఘాలతోనే నడిచింది. మీ భావాలకు సరిపడితే చేరండి. పుస్తకం వేయిస్తారనో, సమీక్ష రాయిస్తారనో మాత్రం చేరవద్దు.

పురస్కారాల సంగతి జాగ్రత్తగా చూడండి. మీ వయసువాళ్లను తొందరపెట్టేది ఇదే. కేంద్ర సాహిత్య అకాడమీ 2011 నుంచి యువ పురస్కారం ఇస్తోంది, మొత్తం 50,000 రూపాయలు, పురస్కార సంవత్సరం జనవరి 1 నాటికి వయసు 35 దాటకూడదు. కవిత్వానికి 2017లో మెర్సీ మార్గరెట్, 2018లో మౌళి, 2021లో తగుళ్ల గోపాల్ దాన్ని పొందారు. 35 గడప దగ్గర పడుతోందని 33, 34 ఏళ్లవాళ్లు పచ్చి కవితలతో సంపుటి వేయించుకోవడానికి మా దగ్గరికి రావడం నేను చాలాసార్లు చూశాను. మీకు 29 కాబట్టి రెండేళ్లు ఆగి 31లో వేసినా ఆ తలుపు మూసుకుపోదు. ఇంకొక సంగతి, రమేశ్ కార్తీక్ నాయక్ మొదట కవితా సంపుటితో వచ్చాడు, 2024లో యువ పురస్కారం వచ్చింది మాత్రం కథల పుస్తకానికి. ఏ పుస్తకం దేన్ని తెస్తుందో ముందుగా లెక్కవేయడం వృథా. జిల్లా స్థాయిలో, వ్యక్తుల పేరు మీద ఇచ్చే పురస్కారాలు బోలెడు ఉన్నాయి, వాటిలో నిజాయితీగా నడిచేవి ఉన్నాయి. పురస్కారానికి ఎంట్రీ ఫీజు అడిగినా, శాలువా ఖర్చు మీరే పెట్టుకోవాలన్నా అటు పోవద్దు. పుస్తకాలు పంపమన్నచోట నాలుగేసి ప్రతులు అడుగుతారు, ఏడాదికి ఐదారు చోట్లకు మించి పంపితే మీ 300లో చెప్పుకోదగ్గ భాగం పోస్టుకే పోతుంది.

ఇప్పుడు పుస్తకం పని. ఇది నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. డెమ్మీలో ఒక ఫారం, అంటే ఒకసారి అచ్చువేసి మడిచే కాగితం, 16 పేజీలు. 96 అంటే ఆరు ఫారాలు. కవితలు, ముందుమాటలు కలిపి 98 పేజీలకు వచ్చాయంటే ఆ రెండు పేజీల కోసం ఇంకో అర ఫారం కాగితం, అచ్చు పెట్టుకోవాలి. అందుకే పేజీలు కట్టడానికి ముందే లెక్క తేల్చుకుని, ఎక్కువైతే ముందుమాటల్లో ఒకదాన్ని తీసేయండి. కవితను తీయవద్దు. కొత్త సంపుటికి నాలుగు ముందుమాటలు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పెళ్లికొడుకును తీసుకురావడానికి ముందు నలుగురు బాజాలవాళ్లు ఉన్నా ఫరవాలేదు గాని, నలుగురు పురోహితులు ఉంటే ముహూర్తం దాటిపోతుంది.

కవిత ఎక్కడ విరుగుతుందన్నది ప్రెస్సులో ఎవరూ పట్టించుకోరు, అది మీరే చూసుకోవాలి. ఒక కవిత పేజీ చివర సరిగ్గా చరణం ముగిసేచోట ఆగి, తరువాతి పేజీలో కొత్త చరణంతో మొదలైతే, మధ్యలో ఖాళీ పంక్తి ఉందో లేదో పాఠకుడికి తెలియదు, రెండు చరణాలూ ఒకటిగా చదువుకుంటాడు. అలాంటిచోట ఒక పాదాన్ని తరువాతి పేజీకి నెట్టాలి, లేదా రెండు పేజీల కవితను ఎడమ పేజీలో మొదలుపెట్టి ఎదురెదురుగా కనిపించేలా కట్టాలి. మీరు ఫోనులో యూనికోడులో రాసినది డీటీపీలో వాడే 'అను' అనే ఫాంటులోకి మారుతుంది, ఆ మార్పిడిలో వట్రసుడులు, క్రారవడులు, అరుదైన వత్తులు చెదురుతాయి. తెరమీద చూసి సరేనని పంపవద్దు, కాగితం మీద ప్రింటు తీయించుకుని, పెన్సిలు పెట్టి, గట్టిగా పైకి చదువుతూ దిద్దండి. కన్ను దాటేసినదాన్ని నోరు పట్టుకుంటుంది. నా మొదటి పుస్తకంలో 'నేల తడిసింది' అని ఉండవలసినచోట 'నేల తడిమింది' అని పడింది, మూడు ప్రూఫులు చూసినా దొరకలేదు. ఒక సమీక్షకుడు ఆ పాదాన్నే ఎత్తి రాసి, నేలకు చేతులిచ్చిన పదచిత్రమని మెచ్చుకున్నారు. ఆయనకు నేను ఇప్పటికీ చెప్పలేదు.

మీరే ప్రచురణకర్త అయితే చేయవలసిన చట్టపు పనులు రెండు మూడే. ఐఎస్‌బీఎన్ అనే పుస్తకపు గుర్తింపు సంఖ్యను కేంద్ర ప్రభుత్వ విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైనులో దరఖాస్తు పెట్టుకోవాలి, రచయిత సొంతంగా పెట్టుకోవచ్చు. దీనికి డబ్బు తీసుకున్నామని ఎవరైనా బిల్లులో రాస్తే అది వాళ్ల చాకిరీకి అని గ్రహించండి. పుస్తకం వచ్చిన 30 రోజుల్లోపు 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మూడు గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి ప్రచురణకర్త ఖర్చుతో పంపాలి. చాలామంది పంపరు. పంపండి, ముప్ఫై ఏళ్ల తరువాత మీ పుస్తకం ఎక్కడైనా దొరికితే అది అక్కడే దొరుకుతుంది. జిల్లా గ్రంథాలయ సంస్థలు కొంటాయని ఆశపడి ఎక్కువ ప్రతులు వేయవద్దు. కొనుగోళ్లు ఎప్పుడు జరుగుతాయో, డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందో చెప్పడం కష్టం.

ఆవిష్కరణ సభ మీ ఇష్టం. హాలు అద్దె, మైకు, శాలువాలు, టిఫిను కలిపి పుస్తకం ఖర్చులో సగం అయిన సభలు చూశాను. వేదిక మీద పదకొండుమంది, కింద పందొమ్మిదిమంది ఉన్న సభలో చివరి వక్త మాట్లాడే సరికి ప్రతులు అమ్మే బల్ల దగ్గరి కుర్రాడు కూడా వెళ్లిపోయాడు. నలుగురైదుగురు మిత్రులు ఒక ఇంటి మేడ మీద కూర్చుని, ఒక్కొక్కరు రెండేసి కవితలు చదివితే చాలు. అమ్మకానికి మన దగ్గర అన్నిటికంటే మంచి చోటు జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం. ఒక్క పుస్తకానికి సొంత స్టాలు తీసుకోలేరు గాని, తెలిసినవాళ్ల స్టాలులో ఓ మూల పది ప్రతులు పెట్టుకోనిస్తారు. సాయంత్రం పూట మీరు అక్కడ నిలబడితే రోజుకు రెండు మూడు పోతాయి, మీరు టీకి వెళ్తే ఒక్కటీ పోదు. అంటే ముద్రణను పుస్తక మహోత్సవానికి నెల ముందుకు, నవంబరు ఆఖరుకు, పెట్టుకోవాలి. డిసెంబరులో ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీల పనిలో మునిగి ఉంటాయి, కవిత్వం ఎవరికీ కనిపించదు.

చివరిగా మీరు ఇచ్చిన బయానా సంగతి. మీరు ఇంకా ఒప్పందం మీద సంతకం చేయలేదని రాశారు, అది మీ అదృష్టం. మీ కవితల మీద హక్కు మీరు రాసిన క్షణం నుంచే మీది, నమోదు చేయించకపోయినా మీదే, మీ జీవితకాలమూ ఆ తరువాత 60 ఏళ్లూ ఉంటుంది. దాన్ని ఇంకొకరికి రాసిస్తేనే పోతుంది. ఆ కాగితంలో 'సర్వహక్కులూ సంస్థవే' అని గాని, 'ప్రతుల సంఖ్య అవసరాన్ని బట్టి' అని గాని ఉందేమో చూడండి. రెండవ మాటకు అర్థం, 300 అని నోటితో చెప్పి 60 వేసినా మీరు అడగడానికి వీలు లేకపోవడం. ఎన్నేళ్లకో రాయకుండా హక్కులు రాసిస్తే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది, అందుకని కాలం తప్పక రాసి ఉండాలి. పుస్తకం ఓపెన్ ఫైలు (మార్పులు చేసుకోవడానికి వీలున్నది), ముఖచిత్రం ఫైలు మీకు ఇస్తారో లేదో కూడా అడగండి. ఇవి అడుగుతూ ఒక ఈమెయిలు పెట్టి, ఆ మెయిలులోనే, పని మొదలుపెట్టలేదు కాబట్టి బయానా తిరిగి ఇవ్వమని మర్యాదగా రాయండి. ఫోనులో మాట్లాడవద్దు. వాళ్లు ఇప్పటికే డీటీపీ చేయించామంటే, ఆ ఫైలు ఇమ్మనండి. 96 పేజీలకు డీటీపీ మూడు వేలకు అటూ ఇటూ అవుతుంది, ఆ మేరకు తగ్గించుకుని మిగతాది ఇమ్మనండి. ఫైలు వస్తే మీ రెండేళ్ల దిద్దుబాటుకు అదే ఉపయోగపడుతుంది. ఏదీ రాకపోతే 5,000తో బయటపడ్డారనుకోండి, నేను నా మొదటి పుస్తకానికి ఒకరికి ఇచ్చి పోగొట్టుకున్న బయానా 1999లో 4,000.